రెండ్రోజుల రాక్షసుడు

అటవీ ఆఫీసు కాగితాల్లో ఆయన ఉద్యోగానికి బారెడు పేరుంది. ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్లు మాత్రం లేరు. అందరికీ ఆయన చుక్కలాయన. కోతకు వెళ్లే చెట్లకు తెల్లరంగుతో చుక్క పెట్టడం ఆయన పని. ఒక్కో చెట్టుకు రెండు చుక్కలు. ఒకటి గుండె ఎత్తున, రంపం వాళ్లకు దూరం నుంచే కనబడేలా. రెండోది మొదట్లో, నేలకు జానెడు ఎత్తున. చెట్టు పడి, మాను లారీ ఎక్కి వెళ్లిపోయాక కూడా మొద్దు మీద ఆ కింది చుక్క మిగులుతుంది. చుక్క లేని మొద్దు కనబడిందంటే అది దొంగకోత.

ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఆయన చేసింది ఇదే. నడుముకు రంగుడబ్బా, జేబులో కొలత టేపు, చంకలో రిజిస్టరు. చెట్టు దగ్గరికి వెళ్లగానే బ్రష్షు తీసేవాడు కాదు. ముందు చుట్టూ ఒకసారి తిరిగేవాడు. తలెత్తి పైన ఏ కొమ్మ ఎవరి వెలుతురు తింటోందో చూసేవాడు. తల వంచి కింద ఏ పిల్లమొక్కలు ఎదురుచూస్తున్నాయో చూసేవాడు. "పైన చూడకుండా, కింద చూడకుండా చుక్క పెట్టేవాడు జుట్టు కత్తిరించడానికి కూడా పనికిరాడు" అనేవాడు. నిటారుగా, లావుగా ఉన్న చెట్టు మీద కలప కాంట్రాక్టరు కన్ను పడితే, ఆయన దాని పక్కనున్న గూని చెట్టుకు చుక్క పెట్టి ముందుకు నడిచేవాడు. "ఈ మనిషి పట్టపగలే చుక్కలు చూపిస్తాడురా బాబూ" అని కాంట్రాక్టర్లు తలపట్టుకునేవాళ్లు.

ఆయన భార్య ఇంట్లో కుట్టుమిషను మీద కుర్చీల గలేబులు కుట్టేది. "నా జుట్టు నెరిసిందని నేను చెప్తే తెలిసింది ఈయనకు. అడవిలో ఏ చెట్టుకు ఏ కొమ్మ ఎండిందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తారు" అని వచ్చినవాళ్లందరి దగ్గరా వాపోయేది. కూతురు బస్సు డిపోలో టిక్కెట్ల కౌంటరులో పనిచేసేది. ఆమె డ్యూటీ దిగేదాకా ఆమె కూతురు, అంటే చుక్కలాయన మనవరాలు, ఈ ఇంట్లోనే ఉండేది. మూడో తరగతి. ముందుపళ్లు రెండూ ఊడి, మాటలు ఈలల్లా వచ్చేవి. సాయంత్రం తాత ఇంటికి రాగానే బ్రష్షును కిరసనాయిల్లో ముంచి కడగడం తన హక్కు. ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు.

బడిలో ప్రతి శుక్రవారం ఆఖరి పిరియడు కథల పిరియడు. ఒక శుక్రవారం టీచరు కొత్త పుస్తకం తెచ్చి చదివింది. పచ్చటి అడవి. అందులో ఉడతలూ పిట్టలూ. ఒకరోజు గొడ్డలి పట్టుకుని ఒకడు వస్తాడు. ఎర్రటి కళ్లు, వికటాట్టహాసం. చెట్లు ఒక్కొక్కటే కూలుతుంటే ఉడతలు ఏడుస్తాయి. కథ అయ్యాక టీచరు అడిగింది, "చెట్లను చంపేవాణ్ణి ఏమంటారు?"

"రాక్షసుడు!" అని తరగతి మొత్తం కేకపెట్టింది. మనవరాలు కూడా.

పక్క బెంచీ పిల్ల లేచి నిలబడింది. "టీచర్, వీళ్ల తాతే చుక్కలు పెట్టేది. ఆయన చుక్క పెడితే ఆ చెట్టు చచ్చిపోతుంది. మా నాన్న చెప్పాడు."

ఆ సాయంత్రం మనవరాలు సంచి కూడా దించకుండా గుమ్మంలోనే నిలబడింది. చుక్కలాయన గోళ్ల సందుల్లోంచి ఎండిన రంగు గీక్కుంటున్నాడు.

"తాతయ్యా, నువ్వు రాక్షసుడివా?"

ఆయన నవ్వాడు. "అవును. ఇవాళో రేపో కొమ్ములు కూడా మొలుస్తాయి, చూస్తూండు" అన్నాడు.

ఆ నవ్వే ఆయన చేసిన పొరపాటు. పిల్ల ఒక్కసారిగా భోరుమంది. ఆ రోజు బ్రష్షు కడగలేదు. అన్నం దగ్గర తన కంచం తీసుకుని బల్లకు అవతలి వైపు వెళ్లి కూర్చుంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

మూడో రోజుకు చుక్కలాయనకు ముద్ద దిగడం మానేసింది. భార్య మిషను ఆపి అంది, "అడవంతా తిరిగే కాళ్లు బడిదాకా వెళ్లలేవా?"

మంగళవారం మధ్యాహ్నం ఆయన బడికి వెళ్లాడు. రంగు మరకల బూట్లు గుమ్మం బయటే విప్పి, టీచర్ల గదిలో పిల్లల కుర్చీ ఒకటి ఖాళీగా ఉంటే మోకాళ్లు గడ్డానికి తగిలేలా అందులోనే కూర్చున్నాడు. టీచరుకు పాతికేళ్లు దాటి ఒకటో రెండో. సంగతి వినగానే ఆమె ముఖం ఎర్రబడింది.

"పిల్లలకు అడవంటే ప్రేమ కలగాలనే కదండీ మా తాపత్రయం."

"కలగాలమ్మా, తప్పకుండా కలగాలి. కానీ వాళ్లు కూర్చునే బెంచీ ఎక్కణ్ణుంచి వచ్చింది? మీరు చదివిన పుస్తకం కాగితం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఏ చెట్టూ కొట్టకూడదని చెప్పి వదిలేస్తే, రేపు వీళ్లు పెద్దయ్యాక ఏది కొట్టాలో ఏది ఉంచాలో తేల్చేవాళ్లు ఉండరు. మంచివాళ్లంతా కూర్చుని ఏడుస్తుంటారు, కొట్టేవాడు కొట్టుకుపోతూనే ఉంటాడు."

"కథలో రాక్షసుడు లేకపోతే పిల్లలు వినరండీ."

"ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. వాడికి నా బూట్లు తొడక్కండి, అంతే."

టీచరు గుమ్మం వైపు చూసింది. ఆ బూట్లు చూసి నవ్వాపుకోలేకపోయింది. "అయితే ఈ శుక్రవారం కథ మీరే చెప్పండి" అంది.

చుక్కలాయన రెండ్రోజులు కూర్చుని మూడు పేజీలు రాసుకున్నాడు. శుక్రవారం కళ్లజోడు పెట్టుకుని చదివాడు. చుట్టుకొలతలూ, కోతకు వచ్చే వయసూ, ఎకరానికి ఎన్ని చెట్లుండాలో, అన్నీ అందులో ఉన్నాయి. రెండో పేజీలో ఒకడు బెంచీ మీద తల పెట్టి నిద్రపోయాడు. మూడో పేజీలో ఒకడికి ఒంటేలు వచ్చింది, వెంటనే ఇంకో ఆరుగురికి వచ్చింది. మనవరాలు తల ఎత్తనే లేదు.

ఇంటికొచ్చాక భార్య అడిగింది, "రిపోర్టు చదివి వినిపించారా ఏమిటి వాళ్లకు? మన అమ్మాయికి జ్వరమొస్తే పక్కన కూర్చుని గంటలకొద్దీ చెప్పేవారే, ఆ నోరేమైంది?"

"అప్పుడు నన్నెవరూ చూసేవాళ్లు కాదు కదా."

"ఇవాళ మాత్రం చూశారా? అందరూ నిద్రపోయారుగా!"

తరవాతి శుక్రవారం ఆయన కాగితాలు లేకుండా వెళ్లాడు. పదిమంది పిల్లల్ని పిలిచి కిటికీ దగ్గర ఇరుగ్గా నిలబెట్టాడు. అందరిలోకీ పొట్టిదాన్ని మధ్యలో దూర్చాడు.

"ఇది అడవి. మీరందరూ చెట్లు. చేతులు చాపండి, కొమ్మలు కావాలి కదా." చాపబోయి ఒకరి ముఖం మీద ఒకరు కొట్టుకున్నారు. "బుజ్జమ్మా, నీకు వెలుతురు వస్తోందా?"

"రావట్లేదు తాతగారూ. ఊపిరి కూడా రావట్లేదు" అంది మధ్యలోంచి పొట్టి పిల్ల.

ఆయన సుద్దముక్క తీసి ఇద్దరి అరచేతుల్లో చుక్కలు పెట్టి, వాళ్లను వెళ్లి కూర్చోమన్నాడు. ఎండ వచ్చి పొట్టి పిల్ల ముఖం మీద పడింది. తరగతి గొల్లుమంది. ఇప్పుడు ఎవరికి పెట్టాలో చెప్పమంటే, అందరూ ఒక్క గొంతుతో పొడుగు కుర్రాణ్ణి చూపించారు. "వద్దు. వీడు తల్లిచెట్టు. గింజలు రాలేది వీడి నుంచే. వీడు పోతే రేపటి మొక్కలు ఎక్కణ్ణుంచి వస్తాయి?" ఆ పొడుగువాడు తల్లినయ్యానని సిగ్గుతో మెలికలు తిరిగిపోయాడు. అరగంట ఎలా గడిచిందో ఎవరికీ తెలియలేదు. మనవరాలు మొదటి బెంచీలోకి వచ్చి కూర్చుంది.

అప్పుడు కళ్లద్దాల పిల్ల ఒకతె చెయ్యెత్తింది. "తాతగారూ, మీరెప్పుడైనా తప్పు చుక్క పెట్టారా?"

లేదనేస్తే అక్కడితో పోయేది. అడిగినామెకు ఎనిమిదేళ్లు. కానీ చుక్కలాయన సుద్దముక్క బల్ల మీద పెట్టి, తనూ ఒక బెంచీ చివర కూర్చున్నాడు.

"పెట్టాను. పన్నెండేళ్ల కిందట. వాగు పైన ఏటవాలు కొండ ఒకటుంది. ఏటవాలులో చెట్టు ముట్టకూడదు. జనంలో మీ అమ్మ మీ చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది చూడండి, అక్కడ వేళ్లు మట్టిని అలా పట్టుకుంటాయి. అప్పటి ఆఫీసరు పిలిచి కొండ మొత్తానికీ చుక్కలు పెట్టెయ్యమన్నాడు. కుదరదండీ అన్నాను. 'సంతకం నాది, చుక్క నీది, మధ్యలో నీకేం నొప్పి?' అన్నాడు. రెండోసారి కుదరదనలేదు నేను. ఉద్యోగం పోతుందని భయం వేసింది. రెండ్రోజులు పెట్టాను. నాలుగువందల పన్నెండు చెట్లు."

"తర్వాత?"

"మూడేళ్లు ఏమీ కాలేదు. మొద్దుల కింద వేళ్లు కుళ్లిపోయాక, ఒక వానాకాలం కొండ జారింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. కింద నూలుకు రంగులద్దేవాళ్ల షెడ్డు ఉండేది. అక్కడి ఊటనీళ్లు తేటగా ఉండేవి, అందుకని అక్కడ కట్టుకున్నారు. షెడ్డు మట్టి కింద పోయింది, ఊట పూడిపోయింది. ఆ మనుషులు ఊరొదిలి వెళ్లిపోయారు."

మనవరాలు లేచింది.

"అయితే నువ్వు రెండ్రోజులు రాక్షసుడివన్నమాట."

"అవునమ్మా. రెండ్రోజులు."

"తర్వాత ఏం చేశావు?"

తొమ్మిదేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి అప్పుడు చెప్పాడు. కొండ జారిన దగ్గర్నుంచి సెలవురోజు వస్తే అక్కడికే వెళ్తున్నాడు. మొదటి ఏడాది ఆఫీసు నర్సరీలో మిగిలిన మొక్కలు మోసుకెళ్లి ఆరువందలు నాటాడు. అన్నీ ఒకే రకం, తొందరగా పెరిగే రకం. ఎండాకాలం వెళ్లేసరికి నలభై మిగిలాయి. "అప్పటికే ఇరవై ఏళ్లు అడవిలో తిరిగినవాణ్ణి, నాకే తెలియలేదు చూడండి. మొక్క నాటడం అంటే గుంట తీసి పాతెయ్యడం అనుకున్నాను." తరవాత గమనిస్తే ముళ్లపొదల కింద మాత్రం పై గట్టు మీద మిగిలిన చెట్ల గింజలు పడి, వాటంతటవే మొలుస్తున్నాయి. అప్పట్నుంచి ముళ్లపొదల్ని కొట్టడం మానేశాడు. వాటి నీడన రకరకాల గింజలు చల్లాడు. మేకలు రాకుండా చుట్టూ తీగ కట్టాడు. ఇక ఎదురుచూడటమే.

ఆ సాయంత్రం మనవరాలు బ్రష్షు కడిగింది. భార్య మిషను మీంచి తల ఎత్తకుండానే అంది, "సెలవురోజున నడకకని వెళ్లొచ్చే మనిషి గోళ్లలో అంత మట్టి ఎందుకుంటుంది? నాకెప్పుడో తెలుసు. మీ నోటితో చెప్తారని తొమ్మిదేళ్లు చూశాను. చివరికి మూడో తరగతి వాళ్లకు చెప్పారు."

టీచరు ఆ కథను పిల్లల చేత రాయించింది, బొమ్మలు వేయించింది. 'రెండ్రోజుల రాక్షసుడు' అని పేరు పెట్టింది మనవరాలే. బడిలోని జిరాక్సు మిషను మీద నలభై ప్రతులు తీసి, పిన్నులు కొట్టి, చుట్టుపక్కల బడులకు పంపారు.

ఒక ప్రతి అటవీ ఆఫీసుకూ చేరింది. ఇప్పటి ఆఫీసరు మంచివాడే, కాకపోతే పిరికివాడు. చుక్కలాయన్ని పిలిచి తలుపు వేశాడు.

"పెద్దాయనా, ఎందుకొచ్చిన గొడవ? ఇది పిల్లల కోసం అల్లిన కట్టుకథ అని ఒక కాగితం రాసివ్వు. ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైరవుతావు, హాయిగా వెళ్లిపో."

"రాసిస్తానండీ. మరి మొద్దుల సంగతి? నాలుగువందల పన్నెండింటి కింద నా చుక్కలున్నాయి. వాటి చేత కూడా రాయించాలి కదా."

కాగితం రాయలేదు. మర్నాటి నుంచి ఆయనకు అడవి లేదు. రికార్డు గదిలో పాత ఫైళ్లు సర్దే పని ఇచ్చారు. కిటికీ లేని గది. దుమ్ముకు తుమ్ములు. నాలుగు గోడల మధ్య ఆయన బోనులో పెట్టినవాడిలా తిరిగేవాడు. ఇంటికొచ్చి భార్యతో అనేవాడు, "తలెత్తితే పంకా, తల వంచితే ఫైళ్లు. చూడ్డానికి ఏమీ లేదే." చెప్పినందుకు పశ్చాత్తాపపడ్డాడా అంటే, కొన్ని రోజులు పడ్డాడు కూడా. పడలేదని చెప్తే అబద్ధమవుతుంది.

అయిదో నెలలో ఆఫీసరే ఒక మ్యాపు చుట్టి పట్టుకుని రికార్డు గదికి వచ్చాడు. కొత్త కోతకు ఒక బ్లాకు తయారవుతోంది, మధ్యలో వాగు ఉంది. "ఒడ్డున ఎంత వదలాలంటావు?" అని అడిగాడు, ఎవరైనా వింటున్నారేమో అన్నట్టు. చుక్కలాయన మ్యాపు పరిచి, పెన్సిలుతో గీత గీశాడు. కాంట్రాక్టరు అడిగినదానికి ఆ గీత మూడింతల దూరం. ఆఫీసరు నిట్టూర్చి, "సరే, నువ్వే వెళ్లి పెట్టిరా" అన్నాడు. దాని గురించి కాగితం మీద ఎవరూ ఏమీ రాయలేదు.

వానలు మొదలయ్యే ముందు ఒక సెలవురోజు పొద్దున ఇంటి తలుపు చప్పుడైంది. అరవై దాటిన ఆడమనిషి. గోళ్లు నీలిరంగులో ఉన్నాయి, ఎన్ని కడుగులు కడిగినా వదలని నీలం. చేతిలో పిల్లల పుస్తకం చుట్టి పట్టుకుంది.

"చుక్కలు పెట్టేది మీరేనా?"

"నేనేనమ్మా."

"ఇది మా చెల్లెలి మనవడి బడిలో ఇచ్చారు. ఆ షెడ్డు మాదే."

భార్య కుర్చీ జరిపి, మంచినీళ్లు తెచ్చింది. వచ్చినామె కూర్చుంది, నీళ్లు తాగింది, గ్లాసు కింద పెట్టింది.

"వానలకు జారిందన్నారు అప్పుడు. అందరూ వానను తిట్టారు. మా ఆయన మాత్రం తననే తిట్టుకున్నాడు. వెనక గోడ ఆయనే కట్టాడు. రాళ్లు సరిగా పేర్చలేదనీ, నీళ్లు పోవడానికి తూము వదల్లేదనీ. మంచాన పడ్డాక కూడా ఆ గోడ గురించే మాట్లాడేవాడు. పోయిన ఏడాది పోయాడు."

"ఏ గోడా ఆపగలిగేది కాదమ్మా అది."

"అదే. ఆ ఒక్క మాట ఆయన బతికుండగా ఎవరైనా చెప్పివుంటే బావుండేది."

"చెప్పాల్సింది. మీరెక్కడున్నారో కనుక్కోవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు. క్షమించమని అడగడానికి..."

"అడక్కండి. నేనందుకు రాలేదు." ఆమె లేచి నిలబడింది. "కొండ చూపించండి."

వెళ్లారు. భార్య కూడా చెప్పులు వేసుకుని, తనను రమ్మని ఎవరూ అనకముందే బయల్దేరింది. దారిలో ఆడవాళ్లిద్దరూ ముందు నడుస్తూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు. ఆయన వెనకాల నడిచాడు.

కొండ సగం ఇంకా ఎర్రగా, తోలు ఊడిన గాయంలానే ఉంది. మిగతా సగంలో ముళ్లపొదలు, వాటిని చీల్చుకుని మనిషెత్తు మొక్కలు, నల్లబడి మెత్తబడ్డ మొద్దులు. ఆమె దిగువన ఒక చోట ఆగి, కాలితో మట్టి తోసి, "గోడ ఇక్కడ" అంది. అక్కడే కాసేపు నిలబడింది. వాళ్లిద్దరూ దూరంగా ఆగిపోయారు.

తరవాత పైకి వచ్చి ఒక మొక్క ఆకు తుంపి వాసన చూసింది. "ఇది మాకు తెలిసిన చెట్టే. దీని బెరడు మరిగిస్తే మంచి ఊదారంగు వస్తుంది. మీరు పెట్టిందా?"

"కాదమ్మా, దానంతటదే వచ్చింది. ఆరేళ్లది."

"ఎప్పటికి బెరడు తియ్యొచ్చు?"

"ఇంకో ఇరవై ఏళ్లు. అప్పుడైనా ఒక పక్కనే తియ్యాలి. చుట్టూ తీస్తే చెట్టు చచ్చిపోతుంది."

"ఆ మాత్రం తెలుసులెండి. రంగులద్ది తెల్లారిన బతుకు మాది." ఆమె మొదటిసారి కొద్దిగా నవ్వింది. "ఇరవై ఏళ్లంటే నేనుండను."

"నేనూ ఉండనమ్మా."

"ఉండేవాళ్లెవరో వాళ్లు చూసుకుంటారు గానీ, ముందు ఆ మేకను చూడండి!" అని అరిచింది భార్య, మొద్దు మీద కూర్చున్నచోటు నుంచే.

తీగ తెగిన చోటు నుంచి ఒక మేక దర్జాగా లోపలికి వచ్చి లేతచిగుళ్లు మేస్తోంది. చుక్కలాయన ఒక పక్క నుంచి, రంగులద్దే ఆమె ఇంకో పక్క నుంచి చప్పట్లు కొడుతూ, జారుతూ, దాని వెంటపడ్డారు. మేక వాళ్లను మూడు ముళ్లపొదల చుట్టూ తిప్పి, వచ్చిన దారినే పోయింది. ఇద్దరూ రొప్పుతూ తీగ దగ్గర కూలబడ్డారు. ఆయన తెగిన కొసలు రెండూ దగ్గరికి లాగి ముడి వెయ్యబోయాడు. ఆమె కాసేపు చూసి, తీగను ఆయన చేతిలోంచి లాక్కుంది.

"ఇలా తెండి. నలభై ఏళ్లు నూలు చిలపల కట్టలకు ముళ్లేసిన చేతులివి. మీ ముడి చూస్తే ఆ మేకకు కూడా నవ్వొస్తుంది."